ఓడినా తల ఎత్తుకునేలా పూల్ స్టిక్ కొనడం ఎలా?

ఖమ్మంలో గానీ, కొత్తగూడెంలో గానీ ఏ పూల్ పార్లర్‌కు వెళ్లినా గోడకున్న స్టాండులో అయిదారు స్టిక్కులు కనిపిస్తాయి. ఒకటి వంకర. ఒకదానికి టిప్ ఊడింది. ఇంకోదానికి కరెంటు పనివాళ్ల నల్లటేపు చుట్టి ఉంటుంది. మంచిది ఒక్కటుంటుంది గానీ, అది మీకంటే ముందొచ్చినవాడి చేతిలో ఉంటుంది. ఆదివారం పూట నలుగురితో జట్టు కట్టి, ఓడినవాడే బోర్డు డబ్బులు కట్టాలన్న ఒప్పందం మీద ఆడే బాపతు మీరైతే, ఎప్పుడో ఒకనాడు "సొంత స్టిక్ ఉంటే వీళ్ల సంగతి తేల్చేవాణ్ని" అనిపించక మానదు. అలా అనిపించినవారికే ఈ సూచనలు.

1. ముందు నష్టం లెక్క వేసుకోండి

డబ్బు సంగతి చెప్పడం లేదు. ఆడలేక మద్దెల ఓడు అనే సౌకర్యం పార్లర్ స్టిక్‌తో ఉచితంగా వస్తుంది. బంతి పాకెట్లో పడకపోతే స్టిక్‌ను ఒకసారి పైకెత్తి, ఒంటికన్నుతో చూసి, తల అడ్డంగా ఊపితే చాలు. అందరూ నమ్ముతారు. సొంత స్టిక్ కొన్న రోజు నుంచి ఆ తల ఊపుడు చెల్లదు. కాబట్టి ఆట పెంచే స్టిక్ కోసం వెతక్కండి, సాకు మిగిల్చే స్టిక్ కోసం వెతకండి. కింద చెప్పేవన్నీ ఈ సూత్రం మీదే నడుస్తాయి.

2. అడవి పక్కనున్నామని మురిసిపోకండి

స్టిక్ కొంటున్నానని ఇంట్లో చెప్పగానే బాబాయి ఒకాయన అడుగుతాడు: "చుట్టూ అడవి పెట్టుకుని కర్రకు వేలు పోస్తావేందిరా? మన వడ్రంగికి చెబితే టేకులో చెక్కివ్వడూ?" చెక్కిస్తాడు. అది గదకు, స్టిక్‌కు మధ్యరకంగా తయారవుతుంది. అటవీశాఖవాళ్లు ఆ టేకు ఎక్కడిదని అడిగితే జవాబు బాబాయే చెప్పుకోవాలి.

పూల్ స్టిక్కులను ఎక్కువగా మేపుల్‌తో, స్నూకర్ స్టిక్కులను ఎక్కువగా యాష్‌తో చేస్తారు. రెండూ చలిదేశాల చెట్లు. గట్టిగా ఉంటాయి, ఈనె తిన్నగా సాగుతుంది, సన్నగా చెక్కినా నిలబడతాయి. భద్రాచలం అవతల విల్లు చేసుకునే కోయ పెద్దమనిషిని అడిగినా ఇదే చెబుతాడు: కర్ర పేరు తర్వాత, ముందు దాని ఈనె చూడాలి, బాగా ఆరిందో లేదో చూడాలి. కానీ మీరు ఈ మాట వినకండి. మీది మేపుల్ కాదు గనకే ఓడుతున్నారన్న సాకు ఏడాది పాటు పనికొస్తుంది.

3. బరువు గురించి గంభీరంగా మాట్లాడండి

పూల్ స్టిక్ పొడవు మామూలుగా 58 అంగుళాలు. బరువు 18 నుంచి 21 ఔన్సుల మధ్య, అంటే సుమారు 510 నుంచి 600 గ్రాములు. ప్రపంచ పూల్ సంఘం నియమాల్లో 25 ఔన్సులు మించకూడదని, 40 అంగుళాలకు తగ్గకూడదని ఉంటుంది. కొత్తగా ఆడేవారికి 19 ఔన్సులు హాయిగా సరిపోతుంది. అంతటితో ఒప్పుకుంటే మీ పరువేం కావాలి? ఒక ఔన్సు అంటే 28 గ్రాములు. ఆ ఇరవై ఎనిమిది గ్రాముల వల్లే మొన్న ఎనిమిదో నంబరు బంతి పాకెట్ అంచున ఆగిపోయిందని నలుగురిలో వివరించండి. ఎవరూ కాదనరు, తూకం వేసి చూపించడానికి పార్లర్‌లో కాటా ఉండదు.

4. టిప్ చూడకండి, డిజైన్ చూడండి

స్టిక్ మొత్తంలో బంతిని తాకేది టిప్ ఒక్కటే. 19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో మింగో అనే సైనికాధికారి జైల్లో ఉండి ఆడుతూ స్టిక్ చివర తోలు అంటించి చూశాడని చెబుతారు. తెల్లబంతిని వెనక్కి లాగడం, పక్కకు తిప్పడం ఆ తోలు ముక్క వచ్చాకే నిజంగా చేతికొచ్చాయి. పూల్ టిప్ సుమారు 13 మిల్లీమీటర్లు, స్నూకర్ టిప్ 10 లోపు. స్నూకర్ బంతి 52.5 మిల్లీమీటర్లు, పూల్ బంతి 57 పైచిలుకు, బరువూ ఎక్కువే. ఆ సన్నటి స్నూకర్ స్టిక్‌తో పూల్ బంతుల్ని బాదితే టిప్ పక్కలకు ఉబ్బి గొడుగులా అవుతుంది.

ఇదంతా తెలిసినవాళ్లు కొనేముందు టిప్ మీద రూపాయి బిళ్ల అంచు ఆనించి, వంపు దానికి సరిపోయిందా అని చూస్తారు. మీరు మాత్రం పిడి దగ్గర డ్రాగన్ బొమ్మ ఉందా లేదా చూసుకోండి. టిప్ బల్లపరుపుగా ఉంటే షాట్ జారుతుంది, జారితే టిప్‌కు రాసే చాక్‌ను తిట్టవచ్చు. ఆ చాక్ కూడా 1897లో అమెరికాలో స్పింక్స్, హాస్కిన్స్ అనే ఇద్దరు పేటెంటు పుచ్చుకున్న సరుకు. ఓడిపోతున్న ఫ్రేములో దాన్ని నిదానంగా రుద్దండి, ఆలోచిస్తున్నట్టు ఉంటుంది.

5. వంకర పరీక్ష చేస్తున్నట్టు నటించండి

షాపులో స్టిక్‌ను బోర్డు మీద దొర్లించాలి. కర్రకు, బట్టకు మధ్య వెలుతురు సందు ఒకేలా ఉంటే తిన్నగా ఉన్నట్టు. సందు పెరుగుతూ తరుగుతూ ఉంటే వంకర. రెండు ముక్కల స్టిక్ అయితే బిగించి ఒకసారి, విప్పి ఒక్కో ముక్కను ఒకసారి దొర్లించాలి. తప్పు కర్రదో జాయింటుదో అప్పుడే తేలుతుంది. ఈ పరీక్షలో నెగ్గిన స్టిక్‌ను ఎట్టి పరిస్థితిలోనూ కొనకండి. రేపు ఓడితే దేనిమీద తోస్తారు?

6. బ్రేక్‌కు పరాయి స్టిక్కే వాడండి

ఇది మాత్రం ఎగతాళి కాదు. ఆట మొదట్లో బంతుల గుంపును చెదరగొడుతూ బ్రేక్ కొట్టేటప్పుడు పడే దెబ్బకు టిప్, దాని కింది తెల్ల కప్పు దెబ్బతింటాయి. ఏటా శ్రీరామనవమికి మిథిలా స్టేడియంలో సీతారాముల కల్యాణం చూసే భద్రాచలం వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. విల్లు జనకుడిది, విరిచింది రాముడు. ఎవరూ పరిహారం అడగలేదు సరికదా, పిల్లనిచ్చి పంపారు. అయితే పార్లర్ యజమానులందరూ జనకులు కారు. విరక్కుండా కొట్టండి.

7. మోసుకెళ్లేటప్పుడు, దాచేటప్పుడు

ఖమ్మం నుంచి భద్రాచలం బస్సులో ఒకే ముక్కగా ఉన్న స్టిక్ పట్టుకెళితే కండక్టర్‌తో సహా అందరికీ కన్ను పోతుందని భయం. అందుకే రెండు ముక్కలది తీసుకోండి. కానీ పొడవాటి నల్ల కవర్‌లో పెట్టి వీపుకు తగిలించుకుని, చీకటి పడ్డాక చర్ల, దుమ్ముగూడెం రోడ్డున బండి మీద పోకండి. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు తనిఖీలో పోలీసులు ఆపి "అందులో ఏముంది?" అని అడిగినప్పుడు "ఆట సామాను" అన్న జవాబు అంత తేలిగ్గా గొంతు దాటదు.

ఇంట్లో గోడకు చాన్నాళ్లు వాలుగా చేరేస్తే వంగవచ్చు. ఎండాకాలం కొత్తగూడెం వేడికి ఆగలేక కూలర్ పెట్టుకుంటారు కదా, దాని తేమకు ఎదురుగా పెడితే ఇంకా త్వరగా వంగవచ్చు. గోదావరి ఒడ్డువారికైతే ఆ శ్రమా లేదు. భద్రాచలం దగ్గర వరద మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. 2022 జులైలో నది 71 అడుగులు దాటింది. అంత తేమలో ఏ కర్ర తిన్నగా ఉంటుంది? స్నూకర్ పుట్టింది కూడా 1875లో జబల్‌పూర్‌లో, వానలకు బయటికి పోలేని తెల్లదొరల మధ్యే అంటారు. తేమను తప్పుపట్టే హక్కు ఆనాటి నుంచీ ఆటగాడిదే.

8. ఎవరికీ అరువివ్వకండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. "అన్నా, ఒక్క ఫ్రేము ఆడి ఇస్తా" అంటూ ఎవడో ఒక తమ్ముడు వస్తాడు. చెప్పులతో వచ్చినవాడు, స్టిక్ ఎలా పట్టుకోవాలో కూడా సరిగ్గా తెలియనట్టు కనిపిస్తాడు. మీరు పెద్దమనసుతో ఇస్తారు. వాడు మీ స్టిక్‌తోనే, మీ కళ్లముందే, మీరు వదిలేసిన బంతులన్నీ వరసగా పాకెట్లలో వేసి "స్టిక్ మస్తుందన్నా" అని చేతిలో పెట్టి పోతాడు. అక్కడితో బరువు, టిప్, వంకర, గోదావరి అన్నీ ఒక్కసారే చేజారతాయి. అందుకని డబ్బు అప్పడిగితే ఇవ్వండి, బండి అడిగితే పెట్రోలు పోసి మరీ ఇవ్వండి, స్టిక్ మాత్రం ఇవ్వకండి.