పెరటి బరువు సూత్రం: టీకా, తాత్పర్యం

మూలం: పెరటి పచ్చికలో దుంగ అడ్డం వేసి, మనుషులు లేని దిక్కుకు, అడుగు కుదిరిన పిమ్మట బరువు విసిరి, గుంట పూడ్చి రావలెను.

అవతారిక: హైలాండ్ గేమ్స్ స్కాట్లండ్ ఊళ్లలో ప్రధానంగా మే నుంచి సెప్టెంబరు దాకా నడిచే జాతరలు. వాటిలో పేరున్న బ్రేమార్ జాతర సెప్టెంబరు మొదటి శనివారం జరుగుతుంది. 1848లో విక్టోరియా రాణి చూసి వెళ్లినప్పటినుంచి దానికి రాజకుటుంబపు రాకపోకలు అలవాటయ్యాయి. కిల్టు కట్టిన బలశాలులు అక్కడ రాయి తోస్తారు, సుత్తి విసురుతారు, ఇనుప బరువులను దూరానికీ ఎత్తుకూ విసురుతారు, కేబర్ అనే దూలాన్ని తలకిందులు చేస్తారు. జాతర ఒక్కరోజు, సాధన ఏడాది పొడుగునా ఇంటి దగ్గరే. మూలం ఆ సాధకుణ్ణి ఉద్దేశించినది. సూత్రకర్త తన పేరు చెప్పుకోలేదు. పొరుగువారికి జడిసి కావచ్చు.

ప్రతిపదార్థం: పెరటి = ఇంటి వెనుకనున్న; పచ్చికలో = గడ్డినేల యందు; దుంగ = పాదమును హద్దు దాటనీయని కొయ్యను; అడ్డం వేసి = ముందు నిలిపి; మనుషులు లేని = పొరుగువారు, పిల్లలు, కుక్కలు, కిటికీ అద్దములు లేని; దిక్కుకు = వైపునకు; అడుగు కుదిరిన పిమ్మట = పాదములకు పాఠము వచ్చిన తరువాత; బరువు = రాయి, సుత్తి, ఇనుపగుండు మొదలగు వానిని; విసిరి = చేతినుండి వదలి; గుంట = అందువలన నేలకు కలిగిన గాయమును; పూడ్చి = మట్టితో నింపి; రావలెను = ఇంటిలోనికి మరల రావలెను.

తాత్పర్యం: సాధకుడు తన పెరటిలో, ఎవరికీ దెబ్బ తగలని వైపుకు, కాళ్ల పని నేర్చుకొన్నాకనే బరువు విసరాలి. పాడైన పచ్చికను తానే బాగుచేయాలి.

విశేషాలు.

“పెరటి”. శంక: పూర్వవీరులు పెరటిలో సాధన చేశారా? సమాధానం: వారికి పనే సాధన. 1837లో అబర్డీన్‌షైర్‌లో పుట్టిన డోనాల్డ్ డిన్నీ తండ్రి రాతిపని మేస్త్రి. 1860లో పోటార్క్ వంతెన మీద కొడుకు రెండు రాళ్లను, కలిపి 733 పౌండ్లను, ఈ వైపునుంచి ఆ వైపుకు మోశాడు. రాళ్లతోనే పొద్దు గడిచే ఇంట సాయంత్రం వేరే కసరత్తు దేనికి? కుర్చీలో కూర్చునే ఉద్యోగాలు వచ్చాకనే పెరటికి ఈ పదవి దక్కింది.

“పచ్చికలో” అన్నందువల్ల సిమెంటు నేల నిషిద్ధం. దాని మీద పడితే పగిలేది బరువైనా కావచ్చు, నేలైనా కావచ్చు. సుత్తి విసిరేవారు బూట్ల ముందుభాగాన ఇనుప బద్దలు బిగించుకుని నేలలో దిగేస్తారు గనుక వారికి గడ్డినేల మరీ అవసరం.

“దుంగ”. పోటీలో ఇది సుమారు నాలుగున్నర అడుగుల పొడవు, ఆరంగుళాల ఎత్తు ఉన్న కొయ్య. దాని పేరు ట్రిగ్. దీని మీదుగా కాలు దాటితే విసురు చెల్లదు. ఇంట్లో దుంగ దండగ అనుకునేవారు పెరటిలో గొప్ప దూరాలు సాధించి, జాతరలో అన్నీ ఫౌల్ చేసి వస్తారు.

“మనుషులు లేని దిక్కుకు”. సూత్రానికి ప్రాణం ఈ పదం. పూర్వపక్షం: ఎదురుగా ఎవరూ లేకపోతే చాలదా? చాలదు. రాయి మెడ దగ్గరనుంచి తోసేది గనుక దాదాపు ఎదుటికే పోతుంది. సుత్తి అలా కాదు. ఒలింపిక్ సుత్తికి తీగ ఉంటుంది, విసిరేవాడు తానే గిర్రున తిరుగుతాడు. స్కాటిష్ సుత్తికి సుమారు 50 అంగుళాల కర్ర పిడి, విసిరేవాడు లక్ష్యానికి వీపు పెట్టి, పాదాలు కదపకుండా తల చుట్టూ తిప్పి వదులుతాడు. వదలడంలో లిప్తపాటు తొందరైనా, ఆలస్యమైనా అది పక్కింటివైపు పోతుంది. దూరానికి విసిరే బరువుదీ అదే గుణం. అక్కడ మనిషి కూడా రెండు చుట్లు తిరుగుతాడు. కనుక నాలుగు దిక్కులూ, నాలుగు మూలలూ చూసుకోవాలి.

అవి ఎనిమిదే అయ్యాయి. శాస్త్రంలో దిక్కులు పది. ఎత్తుకు విసిరే పోటీలో 56 పౌండ్ల గుండును ఒంటిచేత్తో కాళ్ల మధ్య ఊపి, తల మీదుగా వెనకనున్న అడ్డకడ్డీని దాటించాలి. చేయి తిరిగినవారు 16 అడుగులు దాటిస్తారు. సరిగా విసిరిన గుండు వెనక పడుతుంది, తప్పుగా విసిరినది నిట్టనిలువునా లేచి నిట్టనిలువునా దిగుతుంది. ఆ దిక్కున ఉన్న మనిషి సాధకుడే. వదిలిన వెంటనే ముందుకు తప్పుకోవడం కూడా అభ్యసించవలసిన విద్య. మిగిలిన అధోదిక్కు సంగతి “గుంట” దగ్గర చెప్పబడుతుంది.

“అడుగు కుదిరిన పిమ్మట”. ఈ షరతును ఉల్లంఘించినంతగా సాధకులు మరి దేన్నీ ఉల్లంఘించరు. డెడ్‌లిఫ్టు, స్క్వాటు, క్లీను చేసి నడుమూ తొడలూ పెంచుకోవడం వారికి ఇష్టం. ఖాళీ చేతులతో గరాజులో గిర్రున తిరగడం నామోషీ. కాని దూరానికి విసిరే బరువుకు దుంగ వెనక ఇచ్చే చోటు తొమ్మిది అడుగులే. అందులో రెండు చుట్లు తిరిగి, తూలకుండా ఆగాలి. చలికాలంలో నేల చిత్తడైనప్పుడు చీపురుకర్ర పట్టుకుని ఈ చుట్లే తిరగాలి. నిలబడి విసరడం, ఒక చుట్టు, పూర్తి చుట్లు అనే క్రమం మేలు. కండకు వచ్చిన బలం కాలు తప్పితే దుంగకు తగిలి ఆగిపోతుంది.

“బరువు”. ఏ బరువు? పురుషులకు సుత్తి 16, 22 పౌండ్లు, దూరానికి విసిరేవి 28, 56 పౌండ్లు. స్త్రీలకు సుత్తి 12, 16. దూరానికి 14, 28. ఈ అంకెలు పాత బ్రిటిష్ తూకాలవి: 112 పౌండ్లు ఒక హండ్రెడ్‌వెయిట్, అందులో సగం 56, పావు 28. ఆ 56 పౌండ్ల విసురు 1904, 1920 ఒలింపిక్స్‌లో కూడా కనిపించింది.

శంక: కెటిల్‌బెల్ పనికిరాదా? 12 కిలోలది ఇరవై ఆరున్నర పౌండ్లు, 24 కిలోలది సుమారు 53. రెండూ లెక్కకు చేరువే. ఊపు నేర్చుకోవడానికి పనికివస్తుంది, విసరడానికి రాదు. పోటీ బరువుకు గొలుసూ రింగూ ఉండి, పిడితో కలిపి 18 అంగుళాలకు మించకుండా ఉంటుంది. ఆ గొలుసు లాగే లాగుడుకు చేయి అలవాటుపడాలి. నిలువు కడ్డీకి జిమ్ పళ్లాలు ఎక్కించి, బిగించి, పైన గొలుసూ రింగూ తగిలించుకుంటే బరువు పెంచుకోనూ వచ్చు, తగ్గించుకోనూ వచ్చు. బిగింపు వదులైతే పళ్లాలు దారిలో విడిపోతాయి. అప్పుడు ఒక విసురుకు మూడు ఫలితాలు.

రాయికి ఖర్చు లేదు. జాతరల్లోనూ చాలాచోట్ల వాడేది నున్నని ఏటిరాయే. ఊరినిబట్టి 16 నుంచి 28 పౌండ్ల దాకా తూగుతుంది. రాయి ఎత్తుకుని ఇంటి త్రాసు మీద నిలబడి, వచ్చిన అంకెలోంచి తన బరువు తీసేస్తే చాలు. బ్రేమార్ పద్ధతిలో పరుగు లేకుండా నిలబడే తోస్తారు కనుక బొత్తిగా చిన్న పెరటికి ఇదే తగినది.

కేబర్ విషయంలో సూత్రానికి అవ్యాప్తి దోషం పడుతుందని ఆక్షేపం. దానికి నియతమైన తూకం లేదు, దూరం లెక్క లేదు. సన్నని కొన కింద వేళ్లు పెనవేసి ఎత్తి, పరుగెత్తి, లావు కొన నేలకు తగిలి దూలం అవతలికి బోర్లపడేలా విసరాలి. గడియారం ముల్లు పన్నెండు మీద ఉన్నట్టు ఎదురుగా తిన్నగా పడితే ఉత్తమం. ఆక్షేపం నిలుస్తుంది. పెరటిలో దీన్ని విసరడం కన్నా ఎత్తి నిలబెట్టుకోవడమే అసలు సాధన. ఎనిమిది, పది అడుగుల కంచెగుంజతో మొదలుపెట్టవచ్చు. జాతరలో దూలాన్ని నిలబెట్టి ఇవ్వడానికి మనుషులుంటారు, ఇంట్లో ఉండరు. గుంజ ఒరిగితే పట్టుకోబోకుండా వదిలి పక్కకు జరగాలి.

“గుంట పూడ్చి”. అధోదిక్కు ఇది. 25 కిలోల ఇనుము తడినేలలో పడితే గిన్నెలాంటి గుంట తప్పదు. పూడ్చకపోతే మర్నాడు ఆ గుంటలోనే మడమ మెలిపడుతుంది. గడ్డిపెళ్లను ముందు పలుగుతో లేపి, కింద మట్టి వేసి, పెళ్లను మళ్లీ పరిచి తొక్కాలి. ఉత్త మట్టి పోస్తే వానకు కుంగుతుంది. గడ్డి కోసే యంత్రాన్ని నడిపేది ఇంట్లో మరొకరైతే “పూడ్చి” అన్నది విధివాక్యమే, సలహా కాదు.

“రావలెను” అన్నదానికి, బరువును కూడా వెంట తేవలెనని అధ్యాహారం. రాత్రి గడ్డిలో వదిలేసిన 16 పౌండ్ల సుత్తి పొద్దున ఆ యంత్రపు బ్లేడుకే దొరుకుతుంది.