సమర్పణ

పెనుకొండలో ఉపవాస కూడిక జరుగుతోంది. హిందూపురం నుంచి వచ్చిన పాస్టరుగారు ఆ రోజు ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ గురించి చెప్పారు.

స్పెయిన్‌లో పుట్టిన ఆ జెస్యూట్ ఫాదర్ మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులతో బావులు తవ్వించారు. అదే తన ఊరనుకున్నారు. 1968లో ఆయన దేశం విడిచిపోవలసి వచ్చింది. మరుసటి ఏడే తిరిగొచ్చారు గానీ మన్మాడ్‌కు కాదు, కరువుకు పేరుపడ్డ అనంతపురానికి. 1970లో జెస్యూట్ సభనూ వదిలారు. 2009లో కన్నుమూసేదాకా ఈ నేల మీదే పనిచేశారు. ధర్మవరం పక్కన బత్తలపల్లిలో ఆయన స్థాపించిన ఆర్డీటీ సంస్థ ఆసుపత్రి ఉంది. ఆ గడప తొక్కని కుటుంబాలు మన వైపు ఎన్నుంటాయి? ఆయన సమాధి కూడా బత్తలపల్లిలోనే.

"ఆయన కోరుకున్న చోటు పోయింది. దేవుడు కోరుకున్న చోటు దొరికింది. గెత్సేమనే తోటలో ప్రభువు కూడా తన ఇష్టాన్ని తండ్రి చేతుల్లోనే పెట్టాడు" అని పాస్టరుగారు ముగించారు.

కష్టాల్లో మునిగినవాళ్లకు ఈ మాట ఎంత ఊతమో నేను కళ్లారా చూశాను. నిద్ర కరువైన ఇళ్లలో దాన్ని పట్టుకునే తెల్లవారేదాకా కూర్చున్నవాళ్లున్నారు.

అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నది ముందు వరుసలోని సంఘ పెద్ద. కూడిక అయ్యాక ఆయన, ధర్మవరం నుంచి వచ్చిన, నేతపని చేసే ఒకామె దగ్గరికి వెళ్లాడు. భర్త పోయాడు. మరమగ్గాల దెబ్బకు చేతిమగ్గానికి పని తగ్గింది. బిడ్డలిద్దరూ చదువుకుంటున్నారు. ఆమె కళ్లు తుడుచుకుంటూ కూర్చుని ఉంది.

"విన్నావు కదమ్మా! ఫాదర్ అంతటివాడే వదులుకున్నాడు. నువ్వూ ఆ మగ్గం మీద ఆశ వదిలేయ్. దేవుని చిత్తానికి లోబడు. ఇంకో దారి ఆయనే చూపిస్తాడు."

ఆమె తలెత్తింది. గొంతులో కోపం లేదు.

"లోబడే ఉండాను సామీ. మూడేండ్ల నుంచి ఒంటిపూట తిని లోబడే ఉండాను. అయితే ఆ ఫాదరు తనది ఇడిసిపెట్టినాడు. మీరు నాది ఇడిసిపెట్టమంటాండారు."

పాస్టరుగారు ఆయన వైపు చూశారు. పెద్దాయన బైబిలు చంకలో పెట్టుకుని చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

ఆ మగ్గం తాకట్టులో ఉన్నది ఆయన దగ్గరే. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ.