కాన్వెంటు తండ్రి

కాన్వెంటు తండ్రి మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో విరివిగా కనిపించే గృహస్థు. ఇంట్లో కొలిచే దేవుడు ఎవరైనా, పిల్లల్ని మాత్రం సిస్టర్లు నడిపే బడిలోనే వేయాలని పట్టుబట్టేవాడు. తాను చదివింది జిల్లా పరిషత్ హైస్కూల్లో, తెలుగు మీడియంలో. అడ్మిషన్ల రోజుల్లో ఇతన్ని గుర్తుపట్టడం తేలిక. బడి గేటు కనపడగానే వక్కాకు ఉమ్మేసి, చొక్కా పై గుండీ పెట్టుకుని, ఫోను మోగకుండా చేస్తాడు. గుడిలో గంట కొడుతూ కూడా ఫోను మాట్లాడే మనిషి.

కాన్వెంటు అంటే అసలు కన్యాస్త్రీలు ఉండే మఠం. తెలుగునాట ఆ అర్థం ఎప్పుడో అరిగిపోయింది. మెడకు టై కట్టించే ప్రతి బడీ కాన్వెంటే అయింది. వెంకటేశ్వరస్వామి పేరుకూ సాయిబాబా పేరుకూ కాన్వెంటు తగిలించిన బోర్డులు ఊరూరా ఉంటాయి. అసలు సరుకు కావాల్సిన తండ్రి అందుకే "ఆర్సీఎం వాళ్లదేనా?" అని అడిగి ఖాయం చేసుకుంటాడు. ఆర్సీఎం అంటే రోమన్ కేథలిక్ మిషన్ అని తెలియకపోయినా ఫరవాలేదు. నెయ్యి డబ్బా మీద అగ్‌మార్కు లాంటిదని తెలిస్తే చాలు.

ఈ మోజుకు వంశవృక్షం పెద్దదే. విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ 1847లో, హైదరాబాదులో ఆల్ సెయింట్స్ 1855లో, రోజరీ కాన్వెంట్ 1904లో మొదలయ్యాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లాను కలుపుకుని కడప మేత్రాసనం ఏర్పడింది మాత్రం 1976లో. మదనపల్లెలో ఆసుపత్రి పెట్టిన మిషనరీలు కేథలిక్కులు కారు. ఆర్కాటు మిషన్‌కు చెందిన అమెరికన్ ప్రొటెస్టెంట్లు. మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వాళ్లదే. 1517లో లూథర్ మొదలుపెట్టిన తగాదా యూరప్‌ను రెండుగా చీల్చింది గానీ, కాన్వెంటు తండ్రి దాకా ఇంకా రాలేదు. ఆయన లెక్కలో శిలువ ఉన్న చోట సూది మందు బాగా పనిచేస్తుంది, ఇంగ్లీషు బాగా వస్తుంది.

కారణం అడిగితే ఆయన మూడు మాటలు చెబుతాడు. మొదటిది డిసిప్లీను, రెండోది ఇంగ్లీషు, మూడోది క్యారెక్టరు. చెప్పని నాలుగోది భయం. ఇంట్లో పిల్లవాడి చేతిలోంచి సెల్‌ఫోను లాక్కోవడం ఆయన వల్ల కాదు. లాక్కుంటే వాడి అవ్వ ఊరుకోదు. అందుకని ఆ పనిని, పిల్లల్లేని జీవితాన్ని కోరి ఎంచుకున్న ఒక స్త్రీకి అప్పగిస్తాడు. ఒకప్పుడు అన్నం తినని పిల్లలకు బూచోడిని చూపించేవాళ్లు. ఇప్పుడు "సిస్టర్‌తో చెప్తా చూడు" అంటారు. బూచోడు ఎప్పుడూ రాలేదు. సిస్టరు మాత్రం మరుసటి రోజు అసెంబ్లీలో నిజంగానే నిలబడి ఉంటుంది.

భయం లేని చదువు దొరకదా అంటే, ఊరి పక్కనే ఉంది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, భయమూ పోలికా బహుమతులూ లేకుండా పిల్లలు ఎదగాలన్నాడు. ఆ తలంపుతో వెలసిన రిషి వ్యాలీ బడి కొద్ది మైళ్ల దూరంలోనే ఉంది. కాన్వెంటు తండ్రి చుట్టాలు వస్తే దాని గురించి గొప్పగా చెబుతాడు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి రాసింది ఇక్కడేనని చెబుతాడు. మరి పిల్లోణ్ణి రిషి వ్యాలీలో వేయచ్చు కదా అంటే ముందు ఫీజు గుర్తొస్తుంది, తర్వాత సిద్ధాంతం. "ఆడ భయమే ఉండదంటన్నా. భయం లేకపోతే పిల్లోడు యాడ చదువుతాడు?"

అప్లికేషను ఇచ్చే రోజు ఇతన్ని దగ్గర నుంచి చూడాలి. ఉదాహరణకు మదనపల్లె టమోటా మండీ యజమాని. వేలంపాటలో బాక్సుకు పది రూపాయల దగ్గర అరగంట అరుస్తాడు. టమోటా కిలో నూటయాభై దాటిన 2023 జూలైలో కూడా అరుస్తూనే ఉన్నాడు. ఆ మనిషే బడి కౌంటరు ముందు పిల్లిలా నిలబడి, రసీదు మీద అంకె చూడకుండా డబ్బు లెక్కబెట్టి ఇచ్చి, "థ్యాంక్యూ సిస్టర్" అంటాడు. ఆ "థ్యాంక్యూ"ను దారిలో రెండుసార్లు సాధన చేసి ఉంటాడు. కౌంటరులో ఉన్నది సిస్టరు కాదు, గుమాస్తా. ఆ ఆవరణలో ఫాదర్ అంటే వేరే ఆయన. ఇతను ఉత్త పేరెంటు.

సిఫారసు సంగతి మరీ తమాషా. "ఆ బడిలో ఎమ్మెల్యే లెటరు కూడా పనిచేయదు, అంత స్ట్రిక్టు" అన్నదే ఆయన ఆ బడిని మెచ్చుకోవడానికి ముఖ్య కారణం. ఆ మాట చెబుతూనే ఎమ్మెల్యే లెటరు కోసం తిరుగుతుంటాడు. మైనారిటీలకు తమ విద్యాసంస్థలను తామే నడుపుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణంలో ఉంది. విద్యాహక్కు చట్టం ఆ బళ్లకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టూ చెప్పింది. ఇవేవీ ఆయనకు తెలియవు. చర్చి దగ్గర పూలమ్మే మనిషికి సిస్టర్లతో పరిచయం ఉందని మాత్రం తెలుసు.

పుంగనూరు రకం ఇంకాస్త ముదురు. ఇతను తరచుగా సర్కారు బడి పంతులు. బడిబాట రోజుల్లో మెడలో కండువా వేసుకుని, ఇంటింటికీ తిరిగి, "క్వాలిఫైడ్ టీచర్లం మేం ఉండగా ప్రైవేటు బడి దేనికమ్మా?" అని తల్లులను నిలదీస్తాడు. సరిగ్గా ఆ మాట దగ్గరే వీధి మలుపులో కాన్వెంటు బస్సు ఆగుతుంది, అందులోంచి ఆయన కొడుకు "డాడీ!" అని చెయ్యి ఊపుతాడు. ఇది కల్పన కాదు. ఆ పంతులు ఈ వ్యాసకర్తకు బావ వరస. ఊళ్లో ఒకప్పుడు జెర్సీ సంకరం మోజులో పడి, మీటరు ఎత్తు కూడా లేని పుంగనూరు ఆవును దాదాపు పోగొట్టుకున్నారు. 2024 సంక్రాంతికి ప్రధాని దానికి మేత పెడుతున్న ఫోటో వచ్చాక బావగారు దాని గురించి ఊరంతా ఉపన్యాసాలిచ్చాడు. తెలుగు మీడియం గురించి ఎవరైనా ఫోటో దిగితే గానీ ఆయన నోరు విప్పడు.

మతం దగ్గర కాన్వెంటు తండ్రికి పేచీ లేదు. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలకు మతబోధ చేయకూడదని 28వ అధికరణం చెబుతుందని ఎవరైనా భరోసా ఇస్తే, "చేస్తే మాత్రం పోయిందేముంది, బుద్ధి వస్తుంది కదా" అంటాడు. చిక్కు ఒక్కసారే వచ్చింది. బోయకొండ గంగమ్మ దగ్గర పొంగలి పెట్టి అందరూ చేతులు జోడిస్తే, యూకేజీ పిల్లవాడు నుదురు, గుండె, రెండు భుజాలు తాకి శిలువ గుర్తు వేసుకున్నాడు. తండ్రి గబగబా నాలుగు వైపులా చూశాడు. అవ్వ ఒక్కతే తొణకలేదు. "యెట్ల మొక్కితే యేమిరా, అమ్మకు తెల్దా?" అని విభూతి పెట్టింది. ఆమె కూడా మోకాళ్ల నొప్పులు తగ్గితే వేళాంగణ్ణి వస్తానని మొక్కుకుని ఉంది.

కుప్పంలో మూడు రాష్ట్రాలు కలుస్తాయి కాబట్టి అక్కడి తండ్రికి భాషలు కొదవ లేదు. ఇంట్లో తమిళం, అంగట్లో తెలుగు, బెంగళూరు రైల్లో కన్నడం. కోలారు బంగారు గనులు 2001లో మూతపడినా, అక్కడి దొరల కాలపు కాన్వెంటు ఇంగ్లీషు పేరు ఇతని చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంటుంది. 1997లో పుట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని చుట్టాలకు గర్వంగా చూపిస్తాడు. ఆ దారిలోనే కొడుకు తెలుగులో నీళ్లడిగితే "వాటర్ అనాల్రా" అని దిద్దుతాడు.

ఫీజుకు ఆసరా కూడా దొరికింది. రాష్ట్ర ప్రభుత్వం 2020 జనవరిలో చిత్తూరులోనే అమ్మఒడి పథకం ప్రారంభించి, ప్రైవేటు బడి పిల్లల తల్లులకు కూడా 15,000 రూపాయలిచ్చింది. డబ్బు పడింది అమ్మ ఖాతాలో. లెక్క చూసుకుంది నాన్న.

ఈ వ్యాసకర్తకు కాన్వెంటు తండ్రి మీద చిన్న కక్ష ఉందని చదువరి పసిగట్టే ఉంటాడు. నిజమే. పోయిన జూన్‌లో సీట్ల వరుసలో బావగారు ఒకడుగు ముందున్నాడు, వ్యాసకర్త కూతురి అప్లికేషను ఒకడుగు వెనక. పై గుండీ ఇద్దరికీ పెట్టే ఉంది.

పదో తరగతితో ఈ దశ ముగుస్తుంది. పదేళ్ల పాటు క్యారెక్టరు గురించి మాట్లాడిన తండ్రి, ఫలితాలు వచ్చిన వారంలోనే ర్యాంకుల గురించి మాట్లాడటం మొదలుపెట్టి, పిల్లవాణ్ణి తెల్లారుజామున స్టడీ అవర్లు ఉండే ఇంటర్ హాస్టల్‌కు సిద్ధం చేస్తాడు. సిస్టరు టీసీ రాసిస్తుంది. మానడానికి కారణం అన్న గడిలో ఉన్నత చదువులు అని, నడవడిక అన్న గడిలో గుడ్ అని ఉంటుంది. ఆయన ఆ గుడ్‌ను వేలితో తాకి చూసి, పది జిరాక్సులు తీయించి, హాస్టల్ ఆఫీసులో ఇస్తాడు. అక్కడి గుమాస్తా దాన్ని బోర్లించి పక్కన పెట్టి, మార్కుల మెమో అడుగుతాడు.