డోలీ మార్కు ఉభయచర శకటం

స్పెయిన్‌లో పెగాసో అనే లారీల కంపెనీ 1970లలో నేల మీదా నీటిలోనూ నడిచే బండిని సైన్యం కోసం తయారుచేసింది. పాపం, ఆ ఇంజనీర్లు మన అరకు వైపు వచ్చినట్టు లేరు. వచ్చుంటే అంత ఇనుమూ, డీజిలూ మిగిలేవి.

అనంతగిరి, హుకుంపేట, జి.మాడుగుల కొండల్లో అంతకంటే మొండి బండి తరతరాలుగా నడుస్తోంది. పేరు డోలీ. విడిభాగాలు: గట్టి కర్ర, దుప్పటి, తాళ్లు. ఇంజను: చుట్టాల భుజాలు. ఇంధనం: చోడి అంబలి. రాళ్ల మెట్ట ఎక్కుతుంది, బురదలో దిగుతుంది, పొంగే గెడ్డనూ దాటుతుంది. పొగ రాదు, ఆయాసమే వస్తుంది. నిండు చూలాలు, పాము కాటు తిన్నవాడు, జ్వరంతో కన్ను తెరవని పిల్ల దీని ప్రయాణికులు. తిరుగు ప్రయాణంలో ఒక్కోసారి శవం.

ఈ కొండలకు రోడ్డు కష్టమంటారు. నిజమే కాబోలు! ఇవే కొండలను 1960లలో సొరంగాలుగా తొలిచి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. జపానుకు ఇనుప ఖనిజం వెళ్లాలి కదా. 2017లో దాని మీదే అద్దాల బోగీ తిప్పారు. పర్యాటకులు లోయ అందం చూడాలి కదా. ఖనిజానికి పురిటినొప్పులు రావు. అయినా తొందరంతా దానికే.

2005లో 108 వచ్చింది. తారు ఆగినచోటే ఆగింది. 2018లో బైకుకు కట్టిన ఫీడర్ అంబులెన్సులొచ్చాయి. వాటికీ బాట కావాలి. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ‘అడవితల్లి బాట’ మొదలుపెట్టారు. అంచనా 1,005 కోట్లు. రోడ్డు అందిన ఊరికి శుభం. అందని ఊరు మాత్రం దుప్పటి ఉతికి సిద్ధంగా ఉంచుకోవాలి. ప్రభుత్వాలు మారినా ఈ బండి మోడల్ మారలేదు.

1922లో మన్యం తిరగబడిన కారణాల్లో ఒకటి రోడ్డు పని. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో లంబసింగి దారి పని చేయించి కూలి ఎగ్గొట్టాడు. అప్పుడు రోడ్డు వేసినందుకు కూలి లేదు. ఇప్పుడు రోడ్డు లేనందుకు మోస్తున్నా కూలి లేదు. తెల్లవాడి పాలనలో చేయిస్తే వెట్టి అన్నాం. మనం చేయిస్తే గిరిజనుల ఓర్పు అని ఫొటో తీసుకుంటున్నాం.

అయ్యా పాలకులారా, ఊరికి అంబులెన్సు చేర్చడం మీ పని. ఆ పని మీ బదులు గిరిజనులు చేస్తున్నారు. రోడ్డు పడేదాకా ప్రతి డోలీ మోతకూ కిలోమీటరు లెక్కన కూలి కట్టండి. బిల్లు చూశాకైనా రోడ్డే చవకని తెలుస్తుంది.