బాబు బడికెళ్లాడా? ఆయమ్మను మాత్రం వదలొద్దు!

జూన్ నెల వచ్చింది. గరిడేపల్లి సెంటర్లో పసుపుపచ్చ బస్సు ఆగింది. మీ బాబు వీపు కన్నా పెద్ద బ్యాగు తగిలించుకుని ఎక్కేశాడు. బస్సు కనుమరుగయ్యేలోపే మీ అత్తగారు అడిగేశారు: "ఇంక ఆయమ్మ ఎందుకే?"

ప్రశ్నే తప్పు. ఆయమ్మ బాబు కోసం ఉందని ఎవరన్నారు? మూడేళ్లుగా రాత్రి ఏడుపు వినబడకుండా నిద్రపోయింది మీరు. వేడన్నం తిన్నది మీరు. ఆ సుఖాన్ని బడి గంట కొట్టారని వదులుకుంటారా? కింది చిట్కాలు వరుసగా పాటించండి. ఫలితం ఖాయం.

1. ముందు లెక్క కంఠతా పట్టండి.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 గంటల చదువు ఉండాలి. ఏడాదిలో గంటలు 8,760. అంటే 7,960 గంటలు బాబు మీ నెత్తి మీదే! పైగా మార్చిలో ఒంటిపూట బడులు, ఆ వెంటే ఎండాకాలం సెలవులు, దసరా, సంక్రాంతి. అత్తగారి ముందు ఈ అంకెలు గడగడా చదవండి. అందులో బాబు నిద్రపోయే గంటలు కూడా ఉన్నాయని, చట్టం చెప్పింది కనీసం మాత్రమేనని ఆవిడకు చెప్పాల్సిన పనిలేదు.

2. 'జర' అనే మాట నేర్చుకోండి.

కొత్త పని ఎప్పుడూ పనిలా చెప్పకండి. "బాబు వచ్చేదాకా నీకు పొద్దుపోదు గదా, జర ఈ చింతపండు గింజ తియ్యి" అనండి. మర్నాడు జర మిరపకాయల తొడిమలు. ఆ తర్వాత జర గిన్నెలు, జర బట్టలు, జర బియ్యం ఏరడం. దసరా వచ్చేసరికి వంటమనిషి, చాకలి, కాపలా అన్నీ ఆమే. జీతం మాత్రం పిల్లాణ్ణి ఆడించేదే. ఆరు పనులకు ఆరు జీతాలిచ్చేంత అమాయకులు మీరు కారు.

3. జీతం పెంచమంటే చుట్టరికం కలపండి.

"నువ్వు పనిమనిషివా, మా ఇంటిమనిషివి!" అనండి. కళ్లలో కాస్త తడి ఉంటే మంచిది. ఈ మాటకు పైసా ఖర్చు లేదు, ఏటా వాడుకోవచ్చు. అయితే ఆమె టీ గ్లాసు మాత్రం కిటికీలో విడిగానే ఉంచండి. ఇంటిమనిషితనం జీతం దగ్గర మొదలై వంటింటి గడప దగ్గర ఆగిపోవాలి.

4. బస్సు చార్జీ మీద కన్నేయండి.

నెలనెలా ఊరికి పోయిరావడానికి చార్జీలిస్తున్నారా? 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. మహాలక్ష్మి పథకం పెట్టింది ఆయమ్మ కోసమనుకుంటే మీరు పొరబడ్డట్టే. అది మీకు వచ్చిన పథకం. చార్జీ డబ్బులు ఆ నెల నుంచే ఆపేయండి. "ఆధార్ కార్డు పట్టుకపో" అని గుర్తుచేయండి. అదే మీరు చేసే సాయం.

5. వారం సెలవు మాటే రానివ్వకండి.

2011 జూన్ 16న జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల కోసం 189వ ఒప్పందం తెచ్చింది. వారానికి వరసగా 24 గంటలైనా విశ్రాంతి ఇవ్వాలంది. మన దేశం దానికి ఇంకా ఆమోదం తెలపలేదు. ఢిల్లీకే రానిది హుజూర్‌నగర్ రోడ్డు దాకా ఎప్పుడొస్తుంది? నిశ్చింతగా ఉండండి. ఎవరైనా ఆదివారం సంగతి అడిగితే, "బాబు ఆమెను వదిలి ఉండలేడండీ" అని నెపం బాబు మీద పెట్టండి. వాడు కాదనడు.

6. మనవరాల్ని తెమ్మనకండి.

"నీ మనవరాలు పదేళ్లదే కదా, సాయంగా తీసుకురా" అనాలని మీకు అనిపిస్తుంది. ఆగండి. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఇళ్లల్లో పనికి పెట్టుకోవడం 2006 అక్టోబర్ 10 నుంచి నిషేధం. 2016 సవరణ తర్వాత ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, లేదంటే రెండూ. లెక్కేస్తే గిట్టుబాటు కాదు. ఆ పని కూడా అవ్వతోనే చేయించండి. ముసలి మోకాళ్లకు ఏ చట్టమూ అడ్డురాదు.

7. బాబు చేత ఏ పనీ చేయించకండి.

అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా ఇది. బాబు తన బూట్లు తాను తొడుక్కున్న రోజున ఆయమ్మ అవసరం సగం తీరిపోతుంది. అందుకే రెండో తరగతి దాకా ముద్దలు పెట్టించండి. మూడో తరగతి దాకా గుండీలు పెట్టించండి. హోంవర్కు దగ్గర కూడా ఆమెనే కూర్చోబెట్టండి. ఆమెకు చదువు రాదు కదా అంటారా? మీకు తీరిక రాదు. ఇద్దరిదీ ఒకటే లోటు. బడిలో తల్లిదండ్రుల మీటింగ్ ఉంటే ఆమెనే పంపండి. "మీ అమ్మ ఏదిరా?" అని టీచరమ్మ అడిగితే బాబు తడుముకోకుండా ఆయమ్మ కొంగు పట్టుకుంటాడు. అప్పుడు ఈ చిట్కా బాగా పట్టిందని అర్థం.

8. ఏమీ తెలుసుకోకండి.

థర్మామీటర్ ఏ డబ్బాలో ఉంది, బాబుకు ఏ మందు పడదు, రాత్రి ఏ కథ చెబితే నిద్రపోతాడు, ఇవన్నీ తెలిస్తే పని మీ మీద పడుతుంది. ఆయమ్మ సంగతులూ అడగకండి. ఊరి పేరు అడిగితే ఇల్లు కురుస్తుందంటుంది, కూతురి గురించి అడిగితే అప్పు అడుగుతుంది. ఆమె ఫోన్‌కు రీచార్జి కూడా చేయించకండి. ఇంట్లోనే ఉండే మనిషికి ఫోనెందుకు?

9. నాట్ల కాలంలో జాగ్రత్త.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలినప్పటి నుంచీ మన వైపు ఇళ్లకు ఉన్న పెద్ద గండం ఇదే. ఎడమ కాలువ పారిందంటే ఆడవాళ్లు ముఠాలు కట్టి, ఎకరాలు గుత్తకు పట్టి నాట్లకు దిగుతారు. మీరు నెలంతా ఇచ్చేది అక్కడ కొన్నాళ్ల నడుం నొప్పికే వస్తుంది. పైగా పొద్దుగూకితే ఎవరింటికి వాళ్లు పోవచ్చు. కాబట్టి ఆగస్టు జీతం సెప్టెంబర్ దాకా ఆపండి. "బ్యాంకు సర్వర్ డౌన్" అనండి. ఏ ఏడైనా సాగర్ నిండకపోతే రైతులతో కలిసి పైకి నిట్టూర్చండి, లోపల పండగ చేసుకోండి.

10. పోతానంటే పోనివ్వండి. బతిమాలితే అలుసు.

ఇంత చేసినా ఒకనాడు ఆయమ్మ సంచి సర్దుకుంటుంది. "నా మనవరాలు గూడ బడికి పోతుందమ్మా, దాన్ని తయారుజేసేటోళ్లు లేరు" అంటుంది. ఆపిన జీతంలో సగం ఇచ్చి, మిగతాది వచ్చే నెల అనండి. బాబు బడిలో ఉండగానే పంపేయండి, గొడవుండదు. సాయంత్రం వాడు అడిగితే "రేపొస్తుంది" అని చెప్పండి. మర్నాడూ అదే చెప్పండి.

మూడో రోజు వాడికి ఒళ్లు కాలిపోతుంది. కంగారుపడకండి. థర్మామీటర్ వెతకండి. దొరకదు. ఆయమ్మకు ఫోన్ చేయండి. రీచార్జి లేదు, కలవదు. బండి తీసి ఆమె ఊరికే పోదామనుకుంటారు. ఏ ఊరు? అడగొద్దని ఎనిమిదో చిట్కాలో నేనే చెప్పాను.

బాబును అడగండి. ఆమె ఊరు, కురిసే ఇంటి పక్కనున్న చింతచెట్టు, మనవరాలి పేరు అన్నీ వాడికి తెలుసు.