బ్రోకరు వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: నలభై ఏళ్లు పిల్లలకు పద్యాలు విప్పి చెప్పినవాణ్ని. రిటైరయ్యాక విప్పడానికి వాట్సాప్ తప్ప వేరే గ్రంథం దొరకలేదు. అశోక్‌నగర్‌లో నాలా పక్కన, ఐదు మెట్లు ఎక్కి వెళ్లే కింది ఫ్లాటు మాది. అమ్మకానికి పెట్టాం. వీడియో తీయడానికి ఇంటిని ఎట్లా సిద్ధం చేయాలో బ్రోకరు ముందురోజు రాత్రి సెలవిచ్చాడు. మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్న వ్యాఖ్యాత మల్లినాథసూరి మన మెదక్ వైపు కొల్చారం వాడే. ఆయన దారిన నడుద్దామనే బయల్దేరాను.

మూలము: "సార్, రేపు పొద్దుగాల పదింటికి కెమెరా అన్న వస్తడు. ఇల్లు పెద్దగ కనబడాలె. లైట్లన్నీ వేసి పెట్టుండ్రి. పుస్తకాలు తీసేయుండ్రి. మనుషులు కనబడొద్దు. నాలా దిక్కు కిటికీ మాత్రం తెరవకుండ్రి."

టీక: సార్ = ఓ ఇంటి యజమానీ (సంబోధన; కమీషన్ ముట్టేదాకా చెల్లుతుంది); పదింటికి = పన్నెండున్నరకు; కెమెరా అన్న = మా మనవడి ఈడు కుర్రాడు. ఇక్కడ 'అన్న' వయసును చెప్పే మాట కాదు, పనివాడి మీద గౌరవం.

పెద్దగ = ఉన్నదానికంటె ఎక్కువగా. కుర్రాడు గది మూలలో వీపు గోడకు ఆనించి, ఫోనును ఛాతీ ఎత్తున పట్టి 'పాయింట్ ఫైవ్' నొక్కాడు. పది బై పదకొండు పడగ్గది సాగి సాగి పెళ్లి హాలైంది. అయితే ఈ కటకానికొక దోషముంది. నడుమ ఉన్నవాటిని కుదించి, అంచున ఉన్నవాటిని లాగుతుంది. వంటింటి మూలనున్న గ్యాసు సిలిండరు నెలలు నిండినట్టు కనబడింది. దాన్ని బాత్రూంలోకి దొర్లించాం. బాత్రూం వంతు వచ్చినప్పుడు మళ్లీ వంటింట్లోకి.

లైట్లన్నీ = పట్టపగలైనా సరే. ఇక్కడొక శాస్త్రవిశేషం. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, కాబట్టి పాత ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. మన కంటికి తెలియదు గాని కెమెరా పట్టేస్తుంది. హాలు గోడ మీద నల్లటి చారలు మెల్లగా పైకి పాకుతుంటే చెదలనుకుని దగ్గరికెళ్లి తడిమి చూశాను. గోడ శుభ్రంగా ఉంది, చారలు ఫోనులో ఉన్నాయి. షట్టరును సెకనులో 50వ వంతుకు తేగానే పోయాయి.

పుస్తకాలు = ఇంటిని ముసలిదిగా చూపించే సరుకు, అని బ్రోకరు మతం. 1901లో రావిచెట్టు రంగారావు గారు తన ఇంట్లో పుస్తకాలకు చోటిచ్చారు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అక్కడ పుట్టింది, ఈనాటికీ సుల్తాన్ బజార్‌లో నడుస్తోంది. పుస్తకాలు పెట్టినందుకు ఆ ఇల్లు చరిత్రకెక్కింది. తీసేస్తే గాని మా ఇల్లు రేటుకెక్కదట. వేదం వెంకటరాయశాస్త్రి గారి వ్యాఖ్యానంతో ఉన్న ఆముక్తమాల్యద మంచం కిందికి పోయింది. అంతటి వ్యాఖ్యాతకే ఆ గతి పడితే నేనెంత.

మనుషులు = మా అమ్మ. బహువచనం పూజార్థకమనుకుందాం. ఆమెకు ఎనభై ఎనిమిదేళ్లు. హాలు తీస్తుంటే పడగ్గదిలో, పడగ్గది తీస్తుంటే దేవుడి మూలన, చేతికర్రతో, మందుల డబ్బాతో తిరిగింది. పొద్దుటి బీపీ మాత్ర దేవుడి దగ్గరే మరిచిపోయింది. వంటింట్లో కెమెరా తిరుగుతుండగా తలుపు వెనక నుంచి "ఎవర్రా అది, కాఫీ తాగి వెళ్లమను" అంది. ఆ ముక్క మీద పాట వేశారు.

తెరవకుండ్రి: పదం మొదట్లోనే 'తెర' ఉంది, చూడండి. వ్యుత్పత్తి ఒప్పుకోదు, అవసరం ఒప్పుకుంది. మూసిన కిటికీ మీద తెర లేకపోతే అనుమానమని, చిక్కడపల్లిలో మెట్రో ఎక్కాను. నారాయణగూడ దాటితే సుల్తాన్ బజారే. 2020 ఫిబ్రవరిలో రైలు మొదలైనప్పటి నుంచి బజారు నెత్తిన రైలు, కింద చీరలు, జాకెట్టు ముక్కలు, బేరాలు. ఆరువందలన్న తెరను మూడువందల యాభైకి ఇచ్చి, "మీరు లెక్చరర్ గదా సార్, అందుకే" అన్నాడు దుకాణం అతను. ఎట్లా కనిపెట్టాడో! ఈ బజారు కూడా పేరు మార్చుకున్నదే. ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉన్నప్పుడు రెసిడెన్సీ బజారు, 1933లో నిజాంకు తిరిగొచ్చాక సుల్తాన్ బజారు. కాబట్టి మా బ్రోకరును ఒక్కణ్నే అనకూడదు. వీడియోలో నాలాను ఆయనేమన్నాడంటే, "వెస్ట్ సైడ్ ఫుల్ ఓపెన్, కామన్ వాల్ లేదు, ముందు ముందు ఎవ్వరూ కట్టరు." ఒక్క అబద్ధం లేదు. శ్లేషలో ఇంతకు మించినవాణ్ని నేను ప్రబంధాల్లోనే చూశాను. "వెయ్యిన్నూట యాభై ఎస్ఎఫ్‌టీ" అన్న చోట మాత్రం మెట్లూ, గోడలూ, వాచ్‌మన్ గదిలో మా వాటా కూడా కలిసి ఉన్నాయి. 2016 రెరా చట్టం కొత్తగా కట్టేవాళ్లను కార్పెట్ ఏరియా చెప్పమంటుంది. మాలాంటి పాత ఫ్లాట్లకు ఆ బాధ లేదు.

తాత్పర్యము: ఈ ఇంట్లో ఎవరూ ఉండలేదనీ, పక్కన ఏదీ పారడం లేదనీ చూపవలెనని భావము.

పాఠకులు: మొదటి వారం ఫోన్లు చాలా వచ్చాయి. వచ్చి చూసినవాళ్లు పడగ్గది గుమ్మంలో నిలబడి "ఇదేనా?" అన్నారు. గ్రూప్స్ పిల్లలకు హాస్టలు పెడతానన్నాయన ఒక్కో గదికి ఎన్ని మంచాలు పడతాయో అడుగులతో కొలుచుకుని పోయాడు. తొమ్మిదో రోజున ఒకాయన ఫోన్ చేశాడు. వీడియో గురించి ఒక్క మాట అడగలేదు.

"సార్, 2020 అక్టోబర్ వానకు మీ దగ్గర నీళ్లు ఎన్ని మెట్లెక్కినయి?"

మూలంలో లేని ప్రశ్న. మల్లినాథుడైతే ఏం చేసేవాడో గాని, నేను మెట్ల దాకా వెళ్లి నిలబడి చెప్పాను. "మూడు."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఎవరితోనో, "మూడేనట" అన్నాడు. మళ్లీ నాతో: "మాది వెనక సందే సార్. మా దిక్కు గడప దాటినయి. ఆదివారం వస్తం, అమ్మగారు కాఫీ ఇస్తరా?"

పాట కింద ఆ మాట వినబడిందన్న మాట.