ఒడికి గడి లేదు

శ్రీ అంగన్‌వాడీ రిజిస్టరు దొరవారి సముఖమునకు, ఆళ్లగడ్డ నుంచి ఒక రిటైర్డు గుమాస్తా నమస్కరించి రాయునది.

విషయం: ఏడో నెల పాపకు చెంచాతో తినిపించు పనికి తమలో ఒక గడి కోరుట గురించి.

సూచిక: మా మనవరాలి ఏడుపు, నేటి ఉదయం 11 గంటలది.

అయ్యా,

ఇది కలెక్టరు గారికి రాయాల్సిన ఉత్తరం. కానీ కలెక్టర్లు వస్తారు, పోతారు. ఎవరొచ్చినా ముందు తిరగేసేది తమరినే. తమలో ఉంటే జరిగినట్టు, లేకపోతే జరగనట్టు. ముప్పై యేళ్లు తమ జాతి పుస్తకాలకే ఊడిగం చేసినవాణ్ని, నాకు ఆ మాత్రం తెలుసు. 1975 అక్టోబరు 2న, అంగన్‌వాడీలను తెచ్చిన ఐసీడీఎస్‌తో పాటు పుట్టారు కాబట్టి వయసులో నాకంటే చిన్నవారే. ఒకప్పుడు అట్టపుస్తకాల దొంతరగా టీచరమ్మ చంకనెక్కి తిరిగేవారు, ఇప్పుడు సెల్‌ఫోనులో దూరి అరచేతిలో కూచున్నారు. సంతోషం.

తమలో ఏమేం గడులున్నాయో టీచరమ్మ చూపించింది. బరువు, ఎత్తు, టీకా, బాలామృతం ప్యాకెట్టు ముట్టిందా లేదా. రెండున్నర కిలోల ప్యాకెట్టు ఇంటి గడప దాటేదాకా లెక్క పక్కాగా ఉంది. ప్యాకెట్టు నుంచి పాప నోటిదాకా ఉన్న ఆ జానెడు దూరమే తమ పరిధిలో లేదు. నా గొడవంతా ఆ జానెడు గురించే.

మా కోడలు నంద్యాలలో ఒక బట్టల షాపులో పని చేస్తుంది. పొద్దున బస్సెక్కితే రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరుతుంది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి సెలవు 26 వారాలకు పెంచారు. అంటే 182 రోజులు. తల్లిపాలు తప్ప చుక్క నీళ్లయినా పట్టొద్దని డాక్టర్లు చెప్పే ఆరు నెలలకు అతికినట్టు సరిపోయింది. లెక్క తెలిసినవాళ్లెవరో రాసినట్టున్నారు. అయితే కనీసం పదిమంది పనిచేసే షాపులకే ఆ చట్టం. మా కోడలు పనిచేసే చోట హాజరు పుస్తకంలో తొమ్మిది పేర్లే ఉన్నాయి. (చూశారా, అక్కడా తమ బంధువే అడ్డుపడ్డాడు.) పాపకు మూడో నెల నిండీ నిండకముందే కోడలు కౌంటరు వెనక నిలబడింది.

మొదటి వారం పాలు గడ్డకట్టి, సలుపుకు తట్టుకోలేక, షాపు బాత్రూములో పిండి పారబోసి వచ్చేదట. ఆ సంగతి మా ఆవిడతో చెప్పుకుని ఏడ్చింది. అప్పుడు ఏఎన్ఎమ్ అమ్మాయి వచ్చి ఒక దారి చూపింది. తెల్లారుజామున లేచి పాలు పిండి, మూత ఉన్న స్టీలు గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టమంది. చల్లటి గదిలోనైతే బయట నాలుగు గంటలు నిలుస్తాయని, మన నంద్యాల ఎండలో మాత్రం ఆ లెక్క నమ్ముకోవద్దని గట్టిగా చెప్పింది.

నేను ఉత్సాహంగా మందుల షాపుకు పోయి పాలసీసా అడిగాను. "డబ్బా పాలు తీసుకో పెద్దాయనా, సీసా ఊరికే ఇస్తా" అన్నాడు షాపతను. అది చట్టరీత్యా నేరం. పాలసీసాలకు, డబ్బా పాలకు ప్రచారం చేయకూడదని, ఆశచూపి అమ్మకూడదని, డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ కూడా వేయకూడదని 1992లోనే చట్టం వచ్చింది. అప్పటి ప్రధాని పీవీ నరసింహారావు గారు. 1991 ఉప ఎన్నికలో ఐదు లక్షలకు పైబడిన మెజారిటీతో ఆయన్ని లోక్‌సభకు పంపింది మన నంద్యాలే. మన ఎంపీగారి ప్రభుత్వం తెచ్చిన చట్టమని షాపతనికి చెప్పాను. "అయితే రెండు సీసాలు తీసుకో" అన్నాడు.

ఏఎన్ఎమ్ ఆ సీసాను చూసి, "ఆ నిపిలు లోపల ఎవురు కడుగుతారు తాతా, నువ్వా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అటక మీదున్న మా అమ్మకాలపు వెండి ఉగ్గుగిన్నె దింపాను. ముక్కు కాస్త సొట్టపోయింది, అంతే. మరిగే నీళ్లలో వేసి తీసి, పాపను ఒళ్లో నిటారుగా కూచోబెట్టుకుని, గిన్నె ముక్కు కింది పెదవికి ఆనించాలి. మనం పొయ్యకూడదు. పాపే నాలుకతో లాక్కుంటుంది. మా ఆవిడకిది నచ్చలేదు. కాళ్ల మీద పడుకోబెట్టి, గొంతులోకి ఉగ్గు వంచి, వారానికోసారి ఆముదం పోస్తే గాని బిడ్డ బిడ్డ కాదని ఆమె సిద్ధాంతం. అలా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఏఎన్ఎమ్ చెప్పాక ఆముదం ఆగింది. ఎండాకాలం నీళ్లు పట్టకుండా ఆపడానికి మాత్రం ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు.

ఇక ఏడో నెల. తమ బాలామృతం మంచి సరుకే. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె. (1906 నుంచి వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్న నంద్యాలలో, సూర్యనంది కొర్ర పుట్టిన ఊళ్లో, పసిబిడ్డకు గోధుమ ఎందుకని నాకొక పాత సందేహం. అది మరో ఉత్తరానికి.) దాన్ని నేను జావలా పలచగా కాచాను. ఏఎన్ఎమ్ చెంచాతో తీసి పక్కకు వంచింది. మొత్తం జారిపోయింది. "చెంచాలో నిలవకపోతే అది తిండి కాదు తాతా, నీళ్లు. ఆమె పొట్ట ఎంతుంది? పిడికిలంత. నీళ్లతో నింపితే ఇంక తిండికి చోటేది?" అంది. ఇప్పుడు చెంచా వంచినా కదలనంత గట్టిగా కలుపుతున్నాను. ఏ పూటకాపూటే. పొద్దున కలిపింది మధ్యాహ్నానికి దాచను.

అసలు సంగతి ఇప్పుడొస్తుంది. ఆ అర గిన్నె తినడానికి పాపకు పాతిక నిమిషాలు పడుతుంది. ఒక చెంచా మింగుతుంది, రెండోది ఉమ్ముతుంది, మూడోదానికి మొహం తిప్పుకుని గోడ మీద బల్లిని చూస్తుంది. బల్లి పోయేదాకా ఆగాలి. బలవంతంగా కుక్కితే ఆ పూటకు నోరు మూసేస్తుంది. రిటైరైన తాతకు ఏ పనీ లేదు కాబట్టి మా ఇంట్లో ఇది నడిచింది. మా వీధి అంగన్‌వాడీలో టీచరమ్మ ఒకరు, ఆయమ్మ ఒకరు. మూడేళ్లు దాటిన ఇరవైమందికి అన్నం పెట్టి, మూతులు కడిగి, తమ గడులు నింపేసరికి వాళ్లకు పొద్దు గూకుతుంది. మూడేళ్లలోపు బిడ్డకు ప్యాకెట్టు ఇంటికి పోతుంది. ఆ ఇంట్లో అమ్మ ఉండదు.

ఎక్కడుంటుందో చెబుతాను. మా చుట్టుపక్కల పత్తి విత్తనాల చేలున్నాయి. సాయంత్రం మొగ్గ వలిచి పెట్టి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. పూట తప్పితే కాయ నిలవదు. కూలీల ఆటో చీకటితోనే కదులుతుంది. అంగన్‌వాడీ తలుపు తీసేసరికి చేలో సగం పని అయిపోయి ఉంటుంది. బిడ్డ ఎనిమిదేళ్ల అక్క చంకలో ఉంటుంది. మొన్న మా సందులో ఆ అక్క తన చిక్కీ కొరికి, ముద్దుకొద్దీ చెల్లెలి నోట్లో ఒక ముక్క పెట్టింది. ఎదురింటామె చూసి, బోర్లా తిప్పి వీపు మీద చరిస్తే వేరుశనగ పలుకు కింద పడింది. తమలో ఆ రోజు హాజరు సరిగ్గానే పడింది.

గడి అడగడం కొత్త కోరిక కాదు, ముందు దాఖలా ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పనిచోటికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు వస్తే కూలీల్లో ఒకామెను వాళ్లను చూసుకోవడానికే పెట్టాలని, ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. అంటే ఒడికి మస్టరులో చోటిచ్చారన్నమాట. 2022 నుంచి పాల్నా అని అంగన్‌వాడీలోనే ఆరు నెలల బిడ్డ మొదలు చూసుకునే క్రెష్ పథకం ఉంది. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. ఆ ఏడున్నర గంటలు ఆటో కదిలే వేళకు మొదలవ్వాలి. చెంచా పట్టడానికే ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి జీతం ఉండాలి. మా ఆళ్లగడ్డ శిల్పులు నల్లరాయి తెచ్చి, ఒళ్లో లక్ష్మిని కూచోబెట్టుకున్న అహోబిలం మాలోల నరసింహుణ్ని చెక్కుతారు. వాళ్లు రాతిలోనే ఒడి తీస్తుంటే తమరు కాగితంలో ఒక గడి గీయలేరా?

ఇట్లు,
తమ లబ్ధిదారుల జాబితాలో గాని, సిబ్బంది జాబితాలో గాని లేని
ఒక తాత, ఆళ్లగడ్డ.

తా.క.: ఈ ఉత్తరం చేతులు మార్చుకుంటూ రాశాను. రాసినంతసేపట్లో పాప పదకొండు చెంచాలు తిన్నది, నాలుగు ఉమ్మింది. ఒకటి పైన సంతకం మీద పడింది, మరక అదే. ఈ వివరం ఎక్కడ ఎక్కించాలో తెలియజేయగలరు.